బరువెక్కించి కొలిచిన చక్రం

నిన్న మధ్యాహ్నం మా కొట్లో ఒకావిడ పెద్ద స్టీలు గుండిగను వేలి కణుపుతో తట్టింది. కొనడానికి వచ్చినవాళ్ళంతా తడతారు. తట్టి ఏం వినాలో చాలామందికి తెలియదు. అయినా తట్టకుండా కొంటే ఏదో నష్టపోయినట్టు ఉంటుంది వాళ్ళకి. మేమూ వద్దనం. తట్టనిస్తే కొనేవాళ్ళు కాస్త మెత్తబడతారని మా నాన్న కనిపెట్టిన కిటుకు అది. గుండిగ ‘ణంగ్’మని పలికింది. ఆ చప్పుడు గోడకు వేలాడే గరిటెల వరసను తాకి, సన్నగా సాగి, భవానీపూర్ బస్సుల హారన్లలో కలిసిపోయింది. అంతే, నేను కొట్లో లేను. షాలిమార్‌లో, హౌరా గూడ్సు యార్డు పక్కన రేకుల షెడ్డులో ఉన్నాను. ఎదురుగా పైడమ్మత్త మోటారు సైకిలు చక్రాన్ని స్టాండుకు తగిలించి, ఎడం చేత్తో మెల్లగా తిప్పుతూ, కుడిచేతి స్పానరుతో ఒక్కో స్పోకు పుల్లనూ తడుతోంది. బిగువుగా ఉన్న పుల్ల గంటలా మోగుతుంది. వదులైన పుల్ల దగ్గుతుంది. “ఇన్నావా? దొంగ ఆడ కూకున్నాడు” అంటుంది ఆమె, చక్రాన్ని టక్కున ఆపి.

పైడమ్మత్త నాకు చుట్టం కాదు. షాలిమార్‌లో మన తెలుగువాళ్ళంతా ఆమెను అత్తా అనే పిలిచేవారు, బెంగాలీ లారీ డ్రైవర్లు కూడా అదే ఆమె పేరనుకుని ‘ఒత్తా’ అనేవారు. భర్త చెత్త తోసే బళ్ళకు చక్రాలు బాగుచేసేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన్నే మించిపోయి, ఆ సంగతి ఆయన ఉండగానే ఊరంతా చెప్పుకున్న మనిషి. మొదట రిక్షా చక్రాలు కట్టింది, తర్వాత మోటారు సైకిళ్ళవి. చీర మీద మగవాళ్ళ చొక్కా, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, చెవి మీద చుట్ట. శ్రీకాకుళం వైపు పాతకాలం ఆడవాళ్ళ లాగే ఆమె అడ్డపొగ పీల్చేది, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. మొదటిసారి చూసిన బెంగాలీ కుర్రాళ్ళు నోరు కాలుతుందేమోనని నీళ్ళు తెచ్చేవారు. అణకువ అన్నది ఆమెకు తెలియదు. “నా సెయ్యి పడని సెక్రం ఈ ఊల్లో ఏ వీధిలో తిరుగుతుందో సూపించండర్రా” అని నడిరోడ్డు మీద నిలబడి సవాలు చేసేది. ఎవరూ చూపించలేదు. చూపించేదాకా వదలదని అందరికీ తెలుసు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె నన్ను ఎక్కడినుంచి ఎక్కడికి లాక్కొచ్చిందో తెలియదు. మూడు తరాలుగా మాది గిన్నెల కొట్టు. తాత ఇత్తడి అమ్మాడు, నాన్న స్టీలు అమ్మాడు, నేనూ మా తమ్ముడు రమణా ఏది అడిగితే అది అమ్ముతాం. మాటల కంటే ముందు నాకు బేరం వచ్చిందని అమ్మ అనేది. డాక్టరు రెండు వారాలు మందులు మింగమంటే పది రోజులకు ఒప్పించి వచ్చినదాన్ని. అలాంటి నేను నలభై దాటాక, కొండల మీదికి బండి నడుపుకుంటూ వెళ్ళాలన్న కోరిక పుట్టి, పొడవాటి టూరింగ్ మోటారు సైకిలు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాను. ఆ బండే ఎందుకంటే, మంచి బేరానికి వచ్చింది. నా ఎత్తు సంగతి బేరంలో చర్చకు రాలేదు. ఇంటికి తెచ్చి కూర్చున్నాక చూస్తే, బొటనవేళ్ళు మాత్రమే నేలను పలకరిస్తున్నాయి.

న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నవీన్ అని వరంగల్ అబ్బాయి ఒకడు, కొంతమందిని కూడగట్టి కర్సియాంగ్ కొండలకు యాత్ర వేస్తున్నాడు. బయలుదేరే ముందు ఒక ఆదివారం, కొండకు తీసుకెళ్ళే సామానంతా కట్టుకుని అందరం న్యూ టౌన్ రోడ్ల మీద ప్రాక్టీసు చేశాం. వెడల్పాటి రోడ్డు, గుంట లేదు, రాయి లేదు. నెమ్మదిగా యూ టర్న్ తిప్పుతుంటే హ్యాండిల్ దానంతట అదే ఒక పక్కకు వాలిపోయింది. కాలు పెట్టబోయాను. అక్కడ నేల లేదు. వేగంగా పోతూ పడితే చెప్పుకోవడానికి ఒక కథైనా ఉంటుంది. నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోతూ, బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరి ముందూ, గాదె ఒరిగినట్టు ఒరిగాను. నవీన్ పరుగెత్తుకొచ్చి బండి లేపాడు. “అక్కా, దెబ్బ తాకలే గద? ఏమనుకోకు గని, కొండ మీద గిట్లయితే కష్టం. మా వెనక వ్యాన్ వస్తది, అండ్ల కూసోని రా” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లో రమణ ఊరుకుంటాడా? మోచేతికి మందు రాసుకుంటుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “అక్కా, ఆ ఏనుగుని అమ్మేద్దాం. కొనేవాడు నాకాడున్నాడు. నీకు స్కూటరు సాలదేటి?”

“కొండెక్కి దిగొచ్చాక మాట్లాడు.”

“ధుత్! న్యూ టౌన్ ఎక్కలేకపోయావు, కొండేటి ఎక్కుతావు? సరే, ఒప్పందం. ఎక్కడైనా బండి పడేశావా, వ్యాన్లో కూకున్నావా, తిరిగొచ్చిన రోజే అమ్మేస్తాను.”

“పడెయ్యకుండా వస్తే?”

“ఇంక నోరెత్తను.”

“నీ నోరు నాకెందుకురా, దాన్నేం చేసుకోను? ప్రతి ఏడూ ఒకసారి నేను బండి మీద ఎల్తాను. అన్నాళ్ళూ కొట్టు నువ్వొక్కడివే చూసుకోవాలి. దసరా పూజల గిరాకీ ఉన్నా సరే.”

వాడు చాలాసేపు ఆలోచించాడు. నేను పడిన తీరు గుర్తు చేసుకున్నాడేమో, నవ్వి చెయ్యి చాపాడు. ఆ చేతిని పట్టుకున్నప్పుడు నాకు తెలిసింది, ఇది ఒక్క యాత్ర కాదు. ఓడిపోతే నా బతుకంతా గల్లా పెట్టె వెనకే. గెలిస్తే ఏడాదికొకసారి కొండలు. సీటు చెక్కించాను, చాలలేదు. మడమ ఎత్తు బూట్లు వేశాను, గేరు అందలేదు. ఇక మిగిలింది చక్రాలు. చక్రాలు చిన్నవైతే బండి దిగుతుంది కదా అనుకుని, అడిగి అడిగి షాలిమార్ చేరాను.

పైడమ్మత్త ముందు బండిని చూసింది, తర్వాత నా కాళ్ళను చూసింది.

“ఈ గుర్రం ఎవల్దే?”

“నాదే.”

“మరి నిచ్చెనేదే?”

నేను విననట్టు నటించి, “చక్రాలు చిన్నవి వేయించుకుందామని వచ్చానత్తా, ఎంతవుతుందేటి?” అన్నాను.

ఆమె చెవి మీద చుట్ట తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకుంది. “సావుకార్లింటి గుంటవా?”

“ఎలా తెలిసింది?”

“ఏ సైజని అడగలేదు. ఎంతని అడిగావు.”

తలెత్తి దూలాల వైపు చూపించింది. నా బండికి పుట్టుకతో వచ్చినవి ముందు ఇరవయ్యొకటి, వెనక పదిహేడు అంగుళాలు. దూలానికి వేలాడుతున్న జత ముందు పద్దెనిమిది, వెనక పదహారు, నా బండి లాంటిదాని హబ్బుకే, అంటే చక్రం నడిమి బొడ్డుకే, కట్టినవి. “ఇయ్యి ఏసేసుకో. నేల లెగిసొచ్చి నీ కాల్లకాడ కూకుంటాది” అంది. ఆ టైర్ల మీద దుమ్ము చూశాను. ఆ దుమ్ము నాకు బాగా తెలుసు, మా అటక మీదా అదే ఉంటుంది. ఎవరో చేయించుకుని, తీసుకెళ్ళకుండా ఎగ్గొట్టిన సరుకు. అంటే ఆమెకు వదిలించుకోవాలని ఉంది. నా రక్తం పొంగింది. బేరం మొదలుపెట్టాను.

అలాంటి బేరం నేనెప్పుడూ చూడలేదు. నేను తగ్గించమన్నప్పుడల్లా ఆమె పెంచింది. “అదేటత్తా, ఇందాకటి కంటే ఎక్కువ చెప్తున్నావు?” అంటే, “ఇందాక నీ మీద జాలేసింది, ఇప్పుడు నేదు” అంది. మా వంశపు ఆఖరి ఆయుధం తీశాను. చేతిసంచి భుజాన వేసుకుని, మొహం తిప్పుకుని, గుమ్మం వైపు రెండడుగులు వేశాను. మూడో అడుగుకు వెనకనుంచి పిలుపు రావాలి. ఎప్పుడూ వస్తుంది. వచ్చింది కూడా. “ఎల్లినప్పుడు ఆ తలుపు జేరేసి ఎల్లే, మేకలొచ్చేత్తాయి.”

ఆగిపోయాను. మా బండి ఆమె షెడ్డులోనే ఉంది, అది లేకుండా ఎక్కడికి వెళ్తాను? వెనక్కొచ్చి, చెప్పిన ధరకే ఒప్పుకుని, ఒక్క షరతు పెట్టాను. బిగించాలి, నేను నడపాలి, నచ్చితేనే ఉంచుకుంటాను. “సరే” అంది ఆమె. “నాదీ ఒక సరతు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో సెప్పాల. ‘బాగులేదత్తా’ అనేసి ఎలిపోకూడదు.” గిరాకీ దగ్గర అలాంటి షరతు పెట్టినవాళ్ళను నేనెరగను. మా కొట్లో, నచ్చలేదన్న మనిషి ఎందుకు నచ్చలేదో చెప్పకుండా వెళ్తే బాగుండునని దణ్ణం పెట్టుకుంటాం.

బిగించే ముందు ఆమె ఆ చక్రాలను స్టాండుకు తగిలించి బెండు తీసింది. అప్పుడే మొదటిసారి ఆ చప్పుడు విన్నాను. ణింగ్, ణింగ్, ణింగ్, మధ్యలో ఒకటి బొంగురు. ఆమె దాటి వెళ్ళబోతుంటే, “అత్తా, ఆ వెనక పుల్లని మళ్ళీ కొట్టు” అన్నాను. కొట్టింది. బొంగురే. చిన్నప్పటినుంచీ పగులు పట్టిన ఇత్తడినీ పట్టనిదాన్నీ చెవితో ఏరిన ఇంట్లో పుట్టాను, అది తప్పించుకోలేదు. పైడమ్మత్త స్పానరు దించి, నన్ను మొదటిసారి మొహంలోకి చూసింది. “గిన్నెలోల్ల సెవి” అంది. తన పక్కనున్న చెక్కపెట్టె మీది సామాను కింద పెట్టి, “కూకో” అంది. ఆ పెట్టె మీద గిరాకీలను కూర్చోబెట్టదని తర్వాత తెలిసింది.

చక్రాలు బిగించాక బండెక్కి కూర్చున్నాను. రెండు పాదాలూ, మడమలతో సహా, నేలకు ఆనాయి. ఎంత సంబరం! హౌరా వైపు ఒక చుట్టు తిరిగొచ్చాను, అవసరం లేకపోయినా ప్రతి సిగ్నలు దగ్గరా ఆగాను, పచ్చ లైటున్నా ఆగాను. వెనకవాళ్ళు తిట్టారు. నేను ఫోను చేసి పిలిపించుకున్న నవీన్, న్యూ టౌన్ నుంచి అంతదూరం వచ్చి, నేలమీద బోర్లా పడుకుని బండి కడుపు కిందికి చూశాడు. “అక్కా, కాళ్ళు మంచిగ ఆనుతున్నయ్ గని, ఇంజను కింద జాగనే లేదు. కొండ మీద రాళ్ళుంటయ్. తాకుతది.”

“ఎవడే ఈ రాల్ల పండితుడు?” అంది పైడమ్మత్త.

“అత్తా, నేను చెప్తున్న గద, ఒక్కసారి చూడు...”

“నాను సూసేదేటి, సెక్రమే సూపిస్తాది.” షెడ్డు బయట రోడ్డులో, ఎప్పుడో వాడుక మానేసిన పాత రైలు పట్టా ఒకటి తారులోంచి పైకి తేలి ఉంది. ఆమె దగ్గర చేయించుకున్న ఏ బండైనా ముందు ఆ పట్టా దాటాలి. “దాటు” అంది నాతో.

ముందు చక్రం ఎక్కి దిగింది. ఆ వెంటనే కిందనుంచి ఖణేల్‌మని ఒక మోత. ఇంజను కింద రేకు పట్టాను గీరుకుంటూ పోయింది. నేను మాత్రం పడలేదు. రెండు కాళ్ళూ ఆనించి రాణిలా ఆగాను. స్టాండు వేసి, దిగి, ‘చూశారా పడలేదు’ అన్నట్టు వాళ్ళ వైపు తిరిగాను. వెనకాల బండి నెమ్మదిగా, ఆలోచించి ఆలోచించి, అవతలి పక్కకు పడిపోయింది. బండి దిగింది కానీ స్టాండు పొడవు అంతే ఉంది. అది బండిని ఒరగనివ్వకుండా నిటారుగా నిలబెట్టింది, గాలికే అవతలికి తూగింది. నేను దిగాక పడింది కాబట్టి తమ్ముడితో ఒప్పందంలోకి ఇది రాదని మనసులో అప్పుడే తీర్పు చెప్పేసుకున్నాను.

నవీన్, నేనూ కలిసి బండి లేపాం. పైడమ్మత్త చుట్ట వెలిగించింది. “సెప్పు. ఎందుకు నచ్చలేదు?”

“కడుపు కొట్టుకుంటోంది. స్టాండు పొడుగైపోయింది.”

“అయ్యి బండి తప్పులు. నువ్వెందుకు తీసుకున్నావో సెప్పు.”

“ధర నచ్చి” అన్నాను.

“నానెందుకిచ్చానో తెలుసా? దూలం కాలీ అవుద్దని.” నిప్పు కొస నోట్లో ఉండగానే నవ్వింది, పొగ ముక్కులోంచి వచ్చింది. “ఇద్దరు సావుకార్లు కలిసి సెక్రం కొలిస్తే ఇలగే ఉంటాది. వచ్చే ఆదోరం రా. కొండకెల్లినప్పుడు నీతో ఏటేటి పట్టుకెల్తావో, అన్నీ బండికి కట్టుకుని రా. ఒక్కటి ఒగ్గకు.”

ఆ వారమంతా ఆమె ఏం ఆలోచించిందో ఆదివారం చెప్పింది. “రిక్షా సెక్రం కాలీ బండికి కడతామేటే? ఇద్దరు మనుసులూ ఆల్ల మూటలూ ఎక్కినాక బండి ఎంత కూకుంటాదో సూసి కడతాం. పెల్లైన కాన్నుంచీ అదే పని సేసి, నీ బండిని మాత్రం కాలీగా సూసేను. ఇంజనుంటే బరువుండదనుకున్నాను కామోసు.” అప్పటికే నా పాత చక్రాలు బండికి తిరిగి ఎక్కాయి. బండిని గోడ పక్కన నిటారుగా పట్టుకోమని నవీన్‌కి చెప్పి, సుద్దముక్కతో గోడ మీద గీతలు గీసింది. ముందు హ్యాండిల్ ఎత్తులో ఒకటి, వెనక సీటు ఎత్తులో ఒకటి. తర్వాత నా పెట్టెలు రెండు పక్కలా తగిలించి, నన్నెక్కి కూర్చోమంది. మళ్ళీ గీసింది.

ముందు గీత దాదాపు ఉన్నచోటే ఉంది. వెనక గీత మూడు వేళ్ళు కిందికి దిగింది.

“సూడే” అంది, ఏదో పంట పండినట్టు. “బరువంతా వెనకెక్కింది. వెనక కుంగింది, ముందు ముక్కు పైకెత్తింది. ఇలగున్న బండిని నెమ్మదిగా తిప్పితే హేండిల్ ఓ పక్కకి ఒరిగిపోద్ది, ఎవులాపినా ఆగదు. ఆరోజు న్యూ టౌన్లో ఇలగే మూటలతో ఉన్నావా, కాలీగానా?”

“మూటలతోనే.”

“అదీ! నువ్వు పడింది నీ కాల్లు పొట్టియ్యని కాదే. నీ బండి మూతి పొడుగని.”

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బడిలో ముందు వరస, ఫోటోల్లో ముందు వరస, కొట్లో పై అర అందక స్టూలు. ఎక్కడ ఏది చేతకాకపోయినా, అందరితో పాటు నేనూ ఆ నేరం నా కాళ్ళ మీదే వేశాను. ఒక మనిషి గోడ మీద రెండు గీతలు గీసి, వాటిని నిర్దోషులుగా వదిలేసింది. కిందికి చూసుకున్నాను. బరువుతో బండి కుంగింది కాబట్టి, వేళ్ళ కొసలే కాదు, వేళ్ళ కింద మెత్తటి భాగమంతా నేలకు ఆనుతోంది. ఇంతకాలం నేను ఖాళీ బండి మీద కూర్చుని కాళ్ళు కొలుచుకున్నాను, కొండకు వెళ్ళేది మాత్రం నిండు బండి మీద.

“ఇప్పుడు సైజు సెప్తాను. ముందుకి పంతొమ్మిది. మూతి దిగుద్ది, బండి సమంగా కూకుంటాది. కాలికి ఇంకో ఏలెడు కలిసొస్తాది. వెనక్కి ఏటీ వద్దు, ఉన్న పదిహేడే ఉండనీ.”

“వెనకదానికి కూడా బేరం చేసుకున్నాం కదత్తా” అన్నాను, అలవాటు కొద్దీ.

“అవసరం లేనిది ఎందుకే నీకు?”

ధర తగ్గించిన అమ్మకందార్లను చాలామందిని చూశాను, మా నాన్నతో సహా. సరుకు తగ్గించిన మనిషిని చూడడం అదే మొదటిసారి. రెండు చక్రాలు కొనడానికి సంచి పట్టుకుని వచ్చినదాన్ని ఒక్క చక్రంతో పొమ్మంటోంది. అర్థం కాక, ఆ ఒక్కదానికీ బేరం మొదలుపెట్టాను. ఆమె వెంటనే పెంచింది. అప్పుడు కాస్త కుదుటపడ్డాను. తర్వాత నా పెట్టె మూత తీసి లోపల చెయ్యి పెట్టింది. బయటికి వచ్చింది ప్రెషర్ కుక్కరు. “కొండ మీద కొట్టెడతావేటే?” నవీన్ గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. కుక్కరు ఆరోజే కొట్లోకి తిరిగి వెళ్ళింది. తర్వాత అమ్ముడుపోయింది కూడా.

పంతొమ్మిది అంగుళాల రిమ్ముకు ఆమె పుల్లలు కడుతుంటే, చెక్కపెట్టె మీద కూర్చుని చూశాను. పుల్లలు ఒకదాన్నొకటి దాటించి, హబ్బునుంచి రిమ్ముకు అల్లుతూ పోయింది, బుట్ట అల్లినట్టు. నవీన్ తన భయాన్ని ఇంకా వదల్లేదు. “పెద్ద చక్రం రాయి మీదికి సులువుగ ఎక్కుతది అత్తా. పంతొమ్మిదైతే కొంచెం కొట్టుకుంటది.” ఈసారి ఆమె పండితుడని వెక్కిరించలేదు. “నిజమే బాబూ. అందుకే పద్దెనిమిది కాకుండా పంతొమ్మిది ఏస్తున్నాను. ఇదైతే రాయి సూసి నెమ్మదిగా ఎల్లాల, అంతే. ఈ గుంటెలాగూ నెమ్మదే” అంది. స్టాండు సంగతి ఇద్దరూ మరిచిపోయారు. గుర్తు చేసింది నేను. ఆమె నాలిక కరుచుకుని, పక్క షెడ్డు వెల్డింగు మనిషితో దాన్ని కొంచెం కోయించింది. ఈ కథలో నా తెలివి ఏమైనా ఉంటే అది స్టాండు దగ్గరే ఉంది, అందుకే మరోసారి చెబుతున్నాను, గుర్తు చేసింది నేను. నిండు బరువుతో పట్టా దాటాను. కిందనుంచి ఏ చప్పుడూ రాలేదు. యూ టర్న్ తిప్పాను. హ్యాండిల్ చెప్పిన మాట విన్నది. మళ్ళీ తిప్పాను. మేకలు పక్కకు తప్పుకుని చూశాయి.

కర్సియాంగ్‌కు పైకి పోయే పాత దారి ఒకటుంది. దారి అనే కంటే కొండకు ఆనించిన నిచ్చెన అనాలి. టీ తోటలు దాటగానే మలుపు మీద మలుపు, ఒక్కొక్కటి ఎంత నిటారంటే ముందున్న బండి వెనక చక్రం నా తల ఎత్తులో కనిపించేది. నవీన్ ముందు, నేను వెనక, అందరి వెనకా ఖాళీ వ్యాను. ఆ వ్యాను ఇంజను చప్పుడు దారిపొడవునా నా చెవిలో రమణ నవ్వులా వినబడుతూనే ఉంది. అన్నిటికంటే బిగువైన మలుపు సగంలో ఉండగా పైనుంచి జీపు ఒకటి మూల తిరిగి ఎదురొచ్చింది. నవీన్ సందు చూసుకుని దూరిపోయి, పైనుంచి అరిచాడు. “అక్కా, ఆగకు! ఆగితే పడ్తవ్!”

ఆగక తప్పలేదు. జీపు దారంతా ఆక్రమించి నిలబడింది. బ్రేకు నొక్కాను. నిండు బరువు, నిటారు దారి, కింద కంకర, సగం తిరిగిన హ్యాండిల్. న్యూ టౌన్‌లో పడింది సరిగ్గా ఇలాంటి క్షణంలోనే, అదీ చదును నేల మీద. హ్యాండిల్ వాలిపోతుందని ఎదురుచూశాను. వాలలేదు. ఎడంకాలు దించాను. నేల అక్కడే ఉంది. కంకర కొద్దిగా జారి, పాదం కింద సర్దుకుని, ఆగింది. నేనూ ఆగాను. జీపు డ్రైవరు తల బయటపెట్టి, నన్నూ బండినీ మూటల్నీ చూసి, “దీదీ, పడిపోతారేమో, పట్టుకోనా?” అని బెంగాలీలో అడిగాడు. “మీరు వెనక్కి తీయండి దాదా, నేను ఎంతసేపైనా నిలబడతాను” అన్నాను. నిజంగానే ఎంతసేపైనా నిలబడాలనిపించింది. అతను వెనక్కి తీశాడు. క్లచ్చు వదిలి, పంతొమ్మిది అంగుళాల చక్రాన్ని ముందు పెట్టుకుని, ఆ మలుపు ఎక్కేశాను. పైన నవీన్ బండి ఆపి, హెల్మెట్ తీసి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి నిలబడ్డాడు. “అక్కా! ఆగి మళ్ళ ఎక్కినవా? గా మలుపుల నేను గూడ ఆగలేనక్కా!” ఖాళీ వ్యాను ఖాళీగానే మా వెనక పైకొచ్చింది.

టీ కొట్టు దగ్గర ఆగగానే షాలిమార్‌కు ఫోను చేశాను. “అత్తా, ఎక్కేశాను!”

“ఎక్కింది నువ్వేటే? నా సెక్రం ఎక్కింది. నువ్వు దాని మీద కూకున్నావు.” అటువైపు ఎవరితోనో గట్టిగా అంటోంది, “ఇన్నారా? కర్సియాంగ్ ఎక్కేసినాను, షాలిమార్‌లో కూకుని!” వింటున్నవాళ్ళు ఎవరో గాని, చప్పట్లు వినిపించాయి. వాటిలో సగం నావని చెప్పడానికి ప్రయత్నించాను. బేరం కుదరలేదు.

ఇంటికి తిరిగొచ్చాక రమణ టార్చిలైటు పట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. కుడివైపు గీతలు చూసి మొహం వెలిగింది. “మరిదేటి?” అది షాలిమార్‌లో పడిందని, అప్పుడు నేను బండి మీద లేనని, ఒప్పందం యాత్ర గురించే గాని ప్రాక్టీసు గురించి కాదని, నవీన్‌ని సాక్షిగా పిలిపించి మరీ వాదించాను. వాడు చివరికి టార్చిలైటు ఆర్పేశాడు. ఆ ఏటినుంచి ప్రతి ఏడూ నేను బండెక్కుతున్నాను, వాడు పూజల గిరాకీలో ఒంటరిగా నన్ను తిట్టుకుంటున్నాడు. నా స్పీడోమీటరు ముందు చక్రం లెక్కతో నడిచేది కాబట్టి, చక్రం చిన్నదయ్యాక ఉన్న వేగం కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. సరిచేయించలేదు. మా ఇంటి పద్ధతే అది.

ప్రతి యాత్రకు ముందూ షాలిమార్ వెళ్ళి, మూటలతో సహా గోడ పక్కన నిలబడేదాన్ని. ఒక ఏడు పైడమ్మత్త గీత గీసి, పాత గీతను చూసి, నన్ను చూసింది. “మూటలు పాతయ్యే. గీత దిగింది. మరేటి పెరిగిందో నువ్వే సెప్పు” అంది. ఆమె పోయి రెండు పూజలు గడిచాయి. ఆఖరి వరకూ చుట్ట మానలేదు, గొప్పలూ మానలేదు. షెడ్డులో ఇప్పుడు ఎవరో సిమెంటు బస్తాలు పెట్టుకున్నారు. మొన్న చక్రాన్ని నేనే తట్టి చూసుకున్నాను. అన్ని పుల్లలూ పలికాయి, ఒక్కటీ దగ్గలేదు.

నిన్న గుండిగను తట్టినావిడ న్యూ టౌన్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కుందట, గృహప్రవేశానికి వంట తనే చేస్తుందట. “ఇంతకంటే పెద్దది లేదాండీ?” అని అడిగింది. రమణ చెయ్యి అప్పటికే పై అర మీద ఉంది. నేను లేచి, బకెట్టుతో నీళ్ళు తెచ్చి, ఆ గుండిగను అంచుదాకా నింపాను. “ఎత్తండి” అన్నాను. ఆవిడ వింతగా చూసి, చీర చెంగు దోపుకుని, ఎత్తింది. నేలనుంచి జానెడు లేపి, దించేసి, ఆయాసపడుతూ నవ్వింది. “మా ఇంట్లో ఎత్తేది నేనొక్కదాన్నేనండీ” అంది. దానికంటే చిన్నది తీసి, అదీ నింపి, అదీ ఎత్తించాను. రమణ నా పక్కకొచ్చి గొణిగాడు. “పెద్దది అడిగినోలికి సిన్నది అమ్ముతున్నావు. కొట్టు మూసేద్దామేటి?” నేను వినిపించుకోలేదు.

ఆవిడ చిన్న గుండిగను తట్టి చూసుకుని, ఎంతని అడిగింది. చెప్పాను. తగ్గించమంది. పెంచాను. ఆవిడ సంచి భుజాన వేసుకుని, గుమ్మం వైపు రెండడుగులు వేసింది.

“వెళ్ళేటప్పుడు ఆ తలుపు జేరేసి వెళ్ళండమ్మా” అన్నాను.

మూడో అడుగు పడలేదు.